రెండు వందల పదమూడు తర్వాత

కొండల్ కాక చీటీ పట్టుకొని ఆఫీసు వైపు వెళ్ళిపోయాక దీపాల గదిలో ఛార్జింగు గడుల సన్నని రొద ఒక్కటే మిగిలింది, ఆ రొద మధ్యన వినోద. గోడ గడియారం రెండు దాటి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. మూడింటికి రెండో షిఫ్టు వాళ్ళు గనిలోకి దిగుతారు, ముప్పావు గంట కాకముందే కిటికీలో చేతులు మొదలవుతాయి, ఆలోపు వస్తానన్నాడు కాక. ఆయన వచ్చేసరికి 214 అనే నెంబరు రిజిస్టరులో ఎర్ర సిరాతో కొట్టేసి ఉంటుంది, ఇక ఈ గనిలో ఆ నెంబరు ఎవరికీ ఉండదు. "నువ్వేం ఫికర్ జెయ్యకు బిడ్డా. సారుతోని నేను మాట్లాడుత. గా పిలగానికి వేరే నెంబరు ఇప్పిస్త, గీ నెంబరే లేకుంట జేస్త," అన్నాడు తలుపు దగ్గర ఆగి. ఆమె ఏదో అనాలనుకుంది. అదేమిటో నోటికి అందే లోపల ఆయన చెప్పుల చప్పుడు బొగ్గు పొడి పరుచుకున్న బాట మీదికి దిగిపోయింది. అరవైకి దగ్గరపడిన మనిషి, రెండు నెలల్లో రిటైరు అవుతాడు, ఎండలో అంత వడిగా నడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. నా కోసమే కదా, అనుకుంది. అందరూ నా కోసమే చేస్తారు. చీటీలో ఉన్నది రెండే వరుసలు. మరో గని నుంచి బదిలీ మీద రంజిత్ అనే కార్మికుడు వస్తున్నాడు, ఈ రోజు రెండో షిఫ్టు, బిళ్ల నెంబరు 214. ఆఫీసు వాళ్ళ తప్పేమీ లేదు. చనిపోయిన మనిషి నెంబరు సంవత్సరీకం దాటేదాకా ఎవరికీ ఇవ్వకపోవడం ఇక్కడ ఎవరూ కాగితం మీద రాయని కట్టుబాటు, పోశం సంవత్సరీకం అయి మూడు నెలలు కావస్తోంది. పద్నాలుగేళ్ళు ఆ నెంబరు పోశంది. పన్నెండేళ్ళు పోశం తనవాడు.

గదిలో పని పైకి చూస్తే చిన్నదే. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నెంబరు, ఆ నెంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల. బిళ్ల కిటికీలో ఇచ్చి టోపీ దీపం తీసుకొని లోపలికి పోతాడు, బిళ్ల అతని గడి మీది కొక్కేనికి వేలాడుతుంది, పైకొచ్చి దీపం ఇచ్చి బిళ్ల తీసుకొని ఇంటికి పోతాడు. కొక్కేనికి బిళ్ల ఉందంటే మనిషి ఇంకా భూమి కింద ఉన్నట్టు. కాక పట్టిక రాయకపోయినా గోడను చూసి ఎవరెవరు లోపల ఉన్నారో చెబుతాడు, ఒకప్పుడు ఆ గోడ పదకొండు వరుసల ఎత్తుండేది, ఆయన స్టూలు ఎక్కి దిగి ఎక్కి దిగి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. పోశం ఉద్యోగం తనకు రాసి ఇచ్చిన రోజున గని మేనేజరు విజయేందర్ సారు ఆమె నడకను చూసి, ఎడమ కాలు పడ్డప్పుడల్లా ఎడమ చెయ్యి మోకాలిని అదిమి పట్టడం చూసి, చూడనట్టు కిటికీలోంచి బయటికి చూసి, ఆఫీసులో ఒక మూల కుర్చీ వేయిస్తానమ్మా, పనేమీ ఉండదు, ఊరికే కూర్చుంటే చాలు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఊరికే కూర్చోవడం ఆమెకు ఇంట్లో చాలినంత ఉంది. అత్త లింగవ్వ హుస్నాబాద్‌లో చిన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాక క్వార్టర్లో రెండు గదులూ ఊరికే కూర్చునే ఉన్నాయి. దీపాల గదిలో ఇయ్యుండ్రి సార్, అన్నది. ఎందుకని అడగలేదు ఆయన, అడిగితే చెప్పగలిగేదో లేదో. ఎనిమిది నెలలు కాగితాలు తిరిగాయి, రెండు నెలలు వెల్డింగు మెరుపులు మెరిశాయి, పదకొండు వరుసల గోడ విరిగి అయిదు వరుసలై గది పొడుగునా పరుచుకుంది, కిటికీ గట్టు కుర్చీ ఎత్తుకు దిగింది, కుర్చీకి బొగ్గు మోసే టబ్బు బండ్ల బేరింగు చక్రాలు వచ్చి రెండు ఇనుప పట్టాల మీద కూర్చుంది. మంచి కాలుతో నేలను ఒక్క తోపు తోస్తే చాలు, ఒకటో నెంబరు నుంచి మూడు వందల నలభయ్యో నెంబరు దాకా జారిపోవచ్చు, రెండు చేతులూ ఖాళీగా. ముప్పై నాలుగేళ్ళలో కదులుతున్నప్పుడు రెండు చేతులు ఖాళీగా ఉండడం అదే మొదటిసారి, వాటిని ఏం చేయాలో తెలియక మొదటి రోజు ఒళ్ళో పెట్టుకుంది.

ఆ మొదటి రోజే కిటికీ అవతల ఎవరో, "వినోదక్కకు స్పెషల్ రైలు ఏసిండ్రురో, టిక్కెట్ యాడ దొరుకుతది," అన్నారు. గుంపంతా నవ్వింది. ఆమెకూ నవ్వొచ్చింది, పెదవి దాకా వచ్చింది. అంతలో ఇంకో గొంతు, తగ్గించిన గొంతు, "ఊకోరా, పోశమన్న ఇంటామె," అన్నది. నవ్వు తెగిపోయింది, ఆ తర్వాత అయిదు నెలల్లో ఆ కిటికీ దగ్గర ఎవరూ నవ్వలేదు. గోడ తగ్గించారు, గట్టు తగ్గించారు, గొంతులు కూడా తగ్గించారు. కిటికీ దిగిపోవడం వల్ల ఇంకొకటి జరిగింది, అది ఎవరూ కొలుచుకోనిది, ఆమెకు ముఖాలు కనిపించవు. నిలబడ్డ మగవాళ్ళ నడుముల నుంచి ఛాతీ దాకా ఒక చదరం, ఆ చదరంలోకి వచ్చిపోయే చేతులు. చూపుడు వేలు సగమే ఉన్న చెయ్యి 87. వేములవాడ నుంచి తెచ్చిన ఎర్రదారం మాసి నల్లబడ్డ చెయ్యి 152, ఆ దారం మధ్యలో ఒకసారి మళ్ళీ ఎర్రగా మారింది, మొక్కు ఏమిటో తెలియదు. గోళ్ళ కింద మందారం రంగు ఉండే చెయ్యి 260, కూతురెవరో చిన్నది ఉంటుంది, నాన్న చేతికీ గోరింటాకు పెడుతుంది. దీపం అందుకొని కొన్ని చేతులు పైకి పోతాయి, కళ్ళకద్దుకుంటున్నారని తెలుస్తుంది, కళ్ళు కనిపించవు. ఎవరైనా కొంచెం వంగితే చాలు, ఒక జానెడు. ఎవరూ వంగరు. భర్త పోయిన ఆడమనిషి ముఖంలోకి పనిగట్టుకొని చూడడం మర్యాద కాదని వాళ్ళ ఉద్దేశం. రోజుకు మూడు వందల చేతులు ఆమె చేతిని తాకిపోతాయి, సాయంత్రం అయిదు దాటి ఇల్లు చేరేసరికి ఆ రోజు ఒక్క మనిషినీ చూడలేదని గుర్తొస్తుంది.

గడియారంలో రెండూ పద్నాలుగు. ఆ పద్నాలుగు చూసి ఆమె తల తిప్పుకుంది. ఎదురుగా పై వరుస, ఆ వరుసలో 213, దాని పక్కన నెంబరు లేని ఇనుప రేకు, ఆ రేకు మధ్యలో ఒక బోల్టు తల, తర్వాత 215. రేకు కింది గడిలో దీపం ఉండదు, కాక తుడుచుకునే పాత గుడ్డలు పెడతాడు, ఖాళీగా కనిపించకుండా. మొదటి రోజే చూసింది. ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలియదని వాళ్ళు అనుకోవాలి, వాళ్ళు అలా అనుకుంటున్నారని తనకు తెలియనట్టు తను ఉండాలి. కుర్చీ అక్కడికి వచ్చినప్పుడల్లా మంచి కాలు కొంచెం గట్టిగా తోస్తుంది, అది ఆమె చెప్పి చేయించే పని కాదు. ఈ గోడ కట్టింది అంబదాస్, భైంసా నుంచి వచ్చి ఇక్కడ వర్క్‌షాపులో స్థిరపడ్డ ఫిట్టరు, అందరు ఆడవాళ్ళనూ మరాఠీలో అక్కా అన్నట్టు తాయి అంటాడు. కొలతలకు వచ్చిన రోజున ఆమెను మామూలు కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి పైకి చాపమన్నాడు. ఆమె చాపింది. బడిలో ఆటల పీరియడులో వరుస చివర నిలబెట్టిన పిల్లలా, నాకూ అందుతుంది అని చూపించడానికి నడుం ఎత్తి, భుజం సాగదీసి, వేలి కొసలు వణికేదాకా చాపింది. అతను అక్కడ సుద్దతో ఒక గీత గీశాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు, ఆ నెలల్లో ఆమె ముఖంలోకి నేరుగా చూసింది అతనొక్కడేనేమో, చూసి ఆ గీతకు జానెడు కింద ఇంకో గీత గీశాడు. "పై గీత నీ జిద్దుది తాయి. కింది గీత నీ చెయ్యిది. నేను చెయ్యి గీతకే ఏస్త," అన్నాడు. సిగ్గు వేసింది. ఇంటికి వెళ్ళాక ఆ సిగ్గులోనే ఒక రకమైన నిమ్మళం ఉందని తోచింది, చాలా రోజుల తర్వాత ఒకరు తనను సరిగ్గా కొలిచినట్టు.

పోశం ఏనాడూ టేపు పట్టలేదు. పెళ్ళైన కొత్తలో మూడు రోజులు ఇంట్లో ఊరికే తిరుగుతూ ఆమెనే చూశాడు, ఇంకేం పని లేనట్టు, ఆమెకు చిరాకు కూడా వేసింది. నాలుగో రోజు గట్టు పగలగొట్టి పొయ్యిని కిందికి దించాడు. నల్లాను ఒక మూర పక్కకు జరిపాడు. గనిలో పైకప్పుకు ఆసరాగా ఉండి పనికిరాకుండా పోయిన దిమ్మె కట్టె ఒకటి తెచ్చి చిత్రిక పట్టి వంటింటి నుంచి తలుపు దాకా గోడకు కొట్టాడు, చెయ్యి వేసుకొని నడవడానికి. ఇప్పుడా కట్టె ఆమె అరచెయ్యి పడే చోటల్లా నున్నగా, నల్లగా మెరుస్తుంది. అంతకు ముందు, పెళ్ళిచూపుల రోజున, లింగవ్వ పెదవి విరిచి నడక సంగతి ఎత్తబోతే అతనే అడ్డం వచ్చాడు. "మా గనిల అందరం వంగే నడుస్తం అవ్వా. నిటారుగ నడిస్తె తలకాయ పలుగుతది. ఈమె నడకకు ఏమైంది," అన్నాడు. లోపలి గదిలో తలుపు చాటున విన్నది ఆమె. ఆ ఒక్క మాట మీద పన్నెండేళ్ళు నడిచింది. తలుపు పక్కన చిన్న మేకు, దానికి బిళ్ల. పొద్దున అయిదున్నరకు టిఫిన్ డబ్బా ఒక చేత, బిళ్ల ఇంకో చేత పట్టుకొని, గోడ కట్టెకు నడుం ఆనించి నిలబడేది. బిళ్ల మర్వకు. పన్నెండేళ్ళు రోజూ అదే మాట, ఇంకేమీ చెప్పేది లేనట్టు. దాని అంచు ఒకవైపు అరిగి ఉండేది, ప్రతిదానికీ దాన్నే వాడేవాడు, నూనె డబ్బా మూత తీయడానికి, చెప్పు కింద బురద గీకడానికి, వీపు గోక్కోవడానికి. చీకట్లో చేతికిచ్చినా అది 214 అని ఆమె వేళ్ళకు తెలుసు. మేకు ఇంకా ఉంది. ఏమీ తగిలించలేదు, తాళంచెవి కూడా.

మొదటి షిఫ్టులో పోయాడు. కూలిందేమీ లేదు, ఎవరి తప్పూ లేదు, ఛాతీ పట్టుకొని కూర్చున్నాడట, జర దూప అయితుంది అన్నాడట, నీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. మూడున్నరకు మొదటి షిఫ్టు వాళ్ళ బిళ్లలన్నీ పోయాయి, పదకొండు వరుసల గోడకు ఆ షిఫ్టుది ఒక్కటే మిగిలింది. అది ఆమె చూడలేదు. ఆస్పత్రికే నేరుగా తీసుకెళ్ళారు ఆమెను. చూసింది కొండల్ కాక. ఈ గదికి వచ్చిన రెండో వారం ఒక మధ్యాహ్నం, ఇలాంటి ఖాళీ గంటలోనే, ఆయన ఒక్కసారే చెప్పాడు. స్ట్రెచరు మీద పైకి తెచ్చినప్పుడు టోపీ మీద దీపం వెలుగుతూనే ఉందట, పట్టపగలు, ఎండలో, ఎవరికీ ఆర్పాలని తోచలేదట. "బంజేసింది నేనే బిడ్డా," అని, గుడ్డ తీసుకొని శుభ్రంగా ఉన్న దీపాలనే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు. పగటి వెలుగులో వెలిగే దీపం ఎంత కనిపిస్తుంది. కొంచెమే కనిపిస్తుంది. ఆ కొంచెం వెలుగు ఆమె కళ్ళతో చూడనిది, అయినా కళ్ళు మూస్తే అదే ముందు వస్తుంది. ఆ దీపం ఆర్పిన చెయ్యి నాది కావాల్సింది అని కాదు. ఆర్పిన మనిషి పక్కనే రోజూ కూర్చోవాలని మాత్రం ఎందుకో ఉండేది. ఇప్పుడు ఆ మనిషే ఎండలో వడివడిగా నడిచి రెండోసారి ఆర్పడానికి పోయాడు.

ఆ మాట తట్టినప్పుడు గడియారం రెండూ ఇరవై అయిదు. అవును, అదే. నెంబరు కొట్టేస్తే ఏమవుతుంది, 213 తర్వాత 215 వస్తుంది, కొత్తవాళ్ళు పెయింటు వేసినవాడి పొరపాటు అనుకుంటారు, కాక రిటైరు అవుతాడు, సారుకు బదిలీ అవుతుంది, చేతులు మారుతాయి, చివరికి ఈ గోడకు ఒక చోట నెంబరు ఎందుకు లేదో తెలిసిన మనిషి తను ఒక్కతే మిగులుతుంది, చెప్పుకోవడానికి ఎవరూ వంగని కిటికీ దగ్గర. మరి ఇస్తే. వేరే చెయ్యి వస్తుంది. ఆ అంచు అరిగిన చోట వేరే బొటనవేలు పడుతుంది. రోజూ ఆ బిళ్లను అందుకోవాలి, తగిలించాలి, అయిదింటికి తను ఇంటికి పోయేటప్పుడు అది కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది, వాడు లోపల ఉంటాడు, రాత్రి పదకొండుకు పైకి వచ్చాడో లేదో తెల్లారి వచ్చి చూస్తే గాని తెలియదు. ఆ రాత్రి ఎట్లా గడుస్తుంది. ఒంటి మీద సన్నగా వణుకు పుట్టింది. అయినా ఆ వణుకు అయిదు నెలలుగా ఉన్న మొద్దుతనం కంటే మేలుగా ఉంది, తిమ్మిరెక్కిన కాలులోకి రక్తం దిగినప్పుడు సూదులు గుచ్చినట్టుంటుందే, నొప్పే, కాని కాలు ఉందని తెలుస్తుంది. ఆమె మంచి కాలును నేల మీద ఆన్చి, తోయకుండా, మెల్లగా జరిపింది. కుర్చీ నెంబరు లేని రేకు ఎదుట ఆగింది. మొదటిసారి ఆగింది.

రేకు చల్లగా ఉంది. బోల్టు తల మీద వేలు పెట్టింది, ఏ స్పానరుతో బిగించారో, ఇది తీయాలంటే మళ్ళీ అంబదాస్‌ను పిలవాలి, పిలిస్తే పదిమందికి తెలుస్తుంది, పదిమందీ వచ్చి గొంతు తగ్గించి వద్దు బిడ్డా అంటారు అని ఆలోచిస్తూనే రెండు వేళ్ళతో తిప్పి చూసింది. తిరిగింది. ఏ బలమూ అక్కర్లేకుండా, నూనె రాసిన కుట్టుమిషను చక్రంలా తిరిగింది. వేళ్ళకు గ్రీజు అంటింది, ఎండిపోని గ్రీజు. అందరూ వెల్డింగు చేసి మూసెయ్యమని ఉంటారు. అంబదాస్ రేకుకు పొక్క కొట్టాడు, కొట్టి, చెయ్యి గీతకు సరిగ్గా సమానంగా, ఆమె వేళ్ళ బలానికి సరిపోయేంత వదులుగా బోల్టు పెట్టి పోయాడు, పోయి ఎవరికీ చెప్పలేదు. గ్రీజు ఆరకుండా మధ్యలో ఎప్పుడో వచ్చి మళ్ళీ రాసి కూడా ఉంటాడు, పట్టాలు చూడడానికి వచ్చానని చెప్పి. ఆమె ఆ గ్రీజును కొంగుకు తుడుచుకోలేదు. బోల్టును సగం దాకా విప్పింది. రెండు అంగుళాలు బయటికి వచ్చి నిలబడింది, ఒక బిళ్ల తగిలించడానికి అంత చాలు. గడిలోని గుడ్డలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పక్కన అదనపు దీపాల్లోంచి ఒకటి తీసి, అద్దం తుడిచి, గడిలో కూర్చోబెట్టింది. ఛార్జింగు ఎక్కుతున్నట్టు ఎర్రటి చుక్క వెలిగింది. ఆ ఎర్ర చుక్కనే చూస్తూ ఉంది. నెంబరు కావాలి కదా అని గుర్తొచ్చి, పట్టిక దగ్గరి సుద్దముక్క తెచ్చి రేకు మీద రాసింది. రెండు. ఒకటి. నాలుగు. చివరి గీత దగ్గర సుద్ద కిర్రుమన్నది.

రెండూ నలభై మూడుకు కిటికీ అవతల చెప్పుల చప్పుడు మొదలైంది. మొదటి చెయ్యి 87, సగం వేలు. రెండోది 19. ఆమె తోసింది, జారింది, ఇచ్చింది, తగిలించింది. నాలుగో చెయ్యి తెలియని చెయ్యి. లేత గోళ్ళు, మణికట్టుకు ప్లాస్టిక్ గడియారం, అరచేతిలో ఇత్తడి బిళ్ల. ఆమె తీసుకుంది. చూడలేదు. అంచు మీద బొటనవేలు నడిపింది, అరిగిన చోట ఆగింది. అక్కడే ఉంది. పదిహేను నెలలు ఏ సొరుగులో ఉన్నదో, చల్లగా, కొంచెం చిలుము వాసనతో, అలాగే ఉంది. వెనక తలుపు చప్పుడైంది, కాక ఆయాసంతో లోపలికి వచ్చాడు, చేతిలో కొత్త చీటీ, 341 అని పెద్ద అక్షరాలతో. ఆయన రేకు మీది సుద్ద అంకెలను చూశాడు. 

కిటికీ చదరంలోకి ఒక తల వంగింది. మీసం సరిగా రాని ముఖం, నుదుటి మీద చెమట, ఏమీ తెలియని కళ్ళు. నేరుగా ఆమెనే చూశాయి. "అక్కా, వంగితెగని కనవడుతలేవు. గీ బిళ్ల గిట్ల అరిగిందేంది? ముందుగాల ఎవలది?" అన్నాడు. వెనక వరుస నుంచి ఎవరో అతని చొక్కా పట్టి లాగినట్టున్నారు, భుజం కదిలింది.

"మా ఇంటాయనది," అన్నది వినోద. ఆ గదిలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి, అంత మామూలుగా వస్తుందని అనుకోలేదు. "పోయినేడు కాలం జేసిండు. పద్నాలుగేండ్లు గీ గనిలనే జేసిండు."

అతని చెయ్యి కొంచెం వెనక్కి పోయింది. వేరేది తీసుకుంటానని ఏదో గొణిగాడు. కాక కూడా, "బిడ్డా, వేరేది తెచ్చిన," అన్నాడు వెనక నుంచి, తగ్గించిన గొంతుతో. ఆమె అప్పటికే కాలితో తోసింది. కుర్చీ ఆ రేకు దగ్గర ఆగింది, చెయ్యి లేచింది, సరిగ్గా అంత ఎత్తుకే లేచింది, బిళ్ల బోల్టుకు తగిలి రెండుసార్లు ఊగింది. గడిలో చుక్క ఎరుపు పోయి ఆకుపచ్చగా ఉంది.

"నిండింది కాకా," అన్నది వెనక్కి తిరగకుండా. దీపం తీసుకొని కిటికీ దగ్గరికి వచ్చింది. రంజిత్ ఇంకా వంగే ఉన్నాడు. రెండు చేతులతో అందుకొని కళ్ళకద్దుకున్నాడు, ఈసారి కళ్ళు కూడా కనిపించాయి.

"పైకొచ్చినంక బిళ్ల మర్వకు తమ్మీ," అన్నది.

"మర్వనక్కా."

తల లేచి పోయింది. చదరంలో ఒక నిమిషం ఉత్త వెలుగు. వెనక కాక కుర్చీ లాక్కొని కూర్చున్న చప్పుడు, చీటీని నాలుగు మడతలు పెట్టిన చప్పుడు. అయిదింటికి ఇంటికి పోవాలి, ఆ బిళ్లను అక్కడ వదిలి పోవాలి, తెల్లారి వచ్చి చూడాలి. వేళ్ళకు ఇంకా గ్రీజు ఉంది. కిటికీలోకి తర్వాతి చెయ్యి వచ్చింది, మాసిన ఎర్రదారం, 152. ఆ చెయ్యి బిళ్లను గట్టు మీద పెట్టింది. తర్వాత, మెల్లగా, ఆ చేతి మనిషి కూడా వంగాడు.